ఫ్రాన్స్‌లో అంతగా పేరుకెక్కని ద్రాక్ష ప్రాంతాలు: రకాలు, వాతావరణం, వైన్ తయారీ శైలులు

ఫ్రాన్స్ దేశపు ద్రాక్ష సాగు ప్రస్తావన రాగానే బోర్డో, బర్గండీ, షాంపేన్ అనే మూడు పేర్లు వినిపిస్తాయి. పాఠ్యగ్రంథాలలోని ఉదాహరణలు కూడా చాలావరకు ఈ మూడింటి నుండే వస్తాయి. అయితే పంట రకానికి, నేలకు, వాతావరణానికి మధ్య గల సంబంధాన్ని అధ్యయనం చేయదలచిన విద్యార్థికి జూరా, సవోయ్, నైరుతి ఫ్రాన్స్, రూసియోన్ వంటి ప్రాంతాలే ఎక్కువ నేర్పుతాయి. పేరున్న చోట మార్కెట్టు ధర అనేక లోపాలను కప్పిపుచ్చగలదు. పేరు లేని చోట ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఒక రకం నేటికీ నిలిచి ఉన్నదంటే, అది ఆ వాతావరణాన్ని ఓర్చుకొనడం వలననో, దాని లోపాన్నే గుణంగా మార్చే తయారీ పద్ధతి రైతులకు దొరకడం వలననో నిలిచి ఉండాలి. ఈ రెండూ కుదరని రకాలు చాలావరకు తెరమరుగయ్యాయి. వాటిలో కొన్ని ఎంత విలువైనవో జన్యు పరీక్షలు వచ్చిన తరువాత గాని తెలియలేదు.

ఈ ప్రాంతాలు వెనుకబడటానికి నాణ్యతాలోపం కారణం కాదు. 1850లలో బూడిద తెగులు, 1860లలో ఫిల్లోక్సెరా అనే వేరుపేను, 1878 నుండి బూజు తెగులు, ఈ మూడూ ఉత్తర అమెరికా నుండి వచ్చి ఫ్రెంచి తోటలను వరుసగా దెబ్బతీశాయి. వేరుపేనును తట్టుకొనే అమెరికా జాతుల వేరుమొక్కలపై అంటుకట్టి తోటలను తిరిగి నాటవలసి వచ్చింది. ఆ ఖర్చు భరించలేని కొండప్రాంత రైతులు సాగు మానుకున్నారు. నాటినవారు కూడా దిగుబడి ఎక్కువ, పని తక్కువ అయిన రకాలనే ఎంచుకున్నారు. అదే కాలంలో రైలుమార్గాలు మధ్యధరా తీరపు చవక వైన్‌ను పట్టణాలకు చేరవేయడంతో స్థానిక తోటలకు గిరాకీ పడిపోయింది. ఒకప్పుడు సుమారు 20,000 హెక్టార్లున్న జూరా ద్రాక్ష విస్తీర్ణం నేడు దాదాపు 2,000 హెక్టార్లు మాత్రమే.

జూరా జిల్లాలోనే పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు అలెక్సిస్ మియార్దే పేరు తెలుగు విద్యార్థులకు తెలియకపోవచ్చును గాని ఆయన కృషి తెలియనివారు లేరు. బోర్డో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండి, బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన ద్రావణం పనిచేస్తుందని 1885లో ప్రకటించినది ఆయనే. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీటితో 1 శాతం బోర్డో మిశ్రమం తయారుచేయడం వ్యవసాయ కళాశాలల ప్రయోగ తరగతులలో నేటికీ ఒక పాఠం. వేరుపేనును తట్టుకొనే సంకర వేరుమొక్కల రూపకల్పనలోనూ ఆయనకు ముఖ్య పాత్ర ఉన్నది.

ముందుకు సాగే ముందు ఒక తేడాను గుర్తుంచుకోవాలి. దక్కను పీఠభూమిలో ద్రాక్ష తీగకు శీతాకాలపు నిద్రావస్థ లేదు. అందుచేత ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరించి, కాపును మనుషులే నిర్ణయిస్తారు. ఫ్రాన్స్‌లో ఆ పని చలికాలం చేస్తుంది. శీతాకాలమంతా నిద్రించిన తీగ మార్చి, ఏప్రిల్ నెలలలో చిగురిస్తుంది, జూన్‌లో పూస్తుంది, సెప్టెంబరు, అక్టోబరులలో పండుతుంది. చిగురు ఎప్పుడు వేస్తుంది, పండు ఎప్పుడు పక్వమవుతుంది అనే రెండు తేదీల మీదనే అక్కడ ఒక రకం బ్రతుకు ఆధారపడి ఉంటుంది.

జూరా: గాలి తగిలిన పీపాలో పుట్టిన విలువ

బర్గండీకి తూర్పున, స్విట్జర్లాండు సరిహద్దుకు ముందు, పడమటి వైపు వాలిన కొండ అంచుల వెంట సుమారు 80 కిలోమీటర్ల పొడవున సన్నని పట్టీగా జూరా తోటలున్నాయి. వర్షపాతం ఏటా 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది, చలికాలం తీవ్రమైనది. బర్గండీలో సున్నపురాయి ప్రధానం కాగా, ఇక్కడ సున్నం కలిసిన బంకమట్టి, అనగా మార్ల్, ఎక్కువ. నీలి బూడిద రంగు మార్ల్ నేలలను స్థానిక రకమైన సావన్యాన్‌కు ప్రత్యేకించడం ఆనవాయితీ. సున్నపురాయి పాలు హెచ్చిన చోట షార్డొనే వేస్తారు. ట్రూసో అనే నల్లద్రాక్షకు వెచ్చని గులకరాతి నేలలు కావాలి. పుల్సార్ అనే మరో నల్లద్రాక్ష మార్ల్‌లో బాగా వస్తుంది గాని త్వరగా చిగురిస్తుంది కనుక వసంతకాలపు గడ్డమంచుకు దొరికిపోతుంది. దానికి తోడు పిందె రాలడం ఎక్కువ. తోలు పలుచన కావడం వలన దాని ఎర్ర వైన్ లేత గులాబి రంగులోనే ఉంటుంది. జూరాలో రుచి చూపేటప్పుడు ముందు ఎర్ర వైన్, తరువాత తెల్ల వైన్ ఇస్తారు. మిగిలిన దేశమంతటా సాధారణంగా దీనికి విరుద్ధమైన క్రమమే పాటిస్తారు. అక్కడి తెల్లద్రాక్ష బలం ఎటువంటిదో ఆ అలవాటు ఒక్కటే చెబుతుంది.

ఆ బలం సావన్యాన్‌ది. చిన్న గింజలు, దళసరి తోలు, ఆలస్యపు పక్వత, పండిన తరువాత కూడా తగ్గని ఆమ్లత దీని లక్షణాలు. అక్టోబరు చివరి వరకు తీగపై నిలువగలదు. మామూలు పద్ధతిలో తయారుచేస్తే పులుపు ఎక్కువై లేతగా ఉన్నప్పుడు కటువుగా తోచే ఈ ద్రాక్షకు జూరా రైతులు కనుగొన్న మార్గం వాన్ జోన్, అనగా పసుపు వైన్.

సాధారణంగా ఓక్ పీపాలో నిలువచేసిన వైన్ కొంత ఆవిరి కాగా, ఆ ఖాళీని ఎప్పటికప్పుడు నింపుతారు. గాలి తగిలితే వైన్ పులిసి వినిగరుగా మారుతుందన్న భయమే దీనికి కారణం. వాన్ జోన్‌కు ఆ ఖాళీని నింపరు. కిణ్వనం పూర్తయిన వైన్ ఉపరితలంపై ఈస్ట్ కణాలు తెల్లని పొరగా ఏర్పడతాయి. ఆ పొర కింది వైన్‌కు ప్రాణవాయువు సూటిగా తగలకుండా అడ్డుపడుతూ, తాను మాత్రం ఆల్కహాల్‌ను వినియోగించుకొని అసిటాల్డిహైడ్‌ను విడుదల చేస్తుంది. వేసవిలో వేడెక్కి శీతాకాలంలో చల్లబడే గదులలో ఈ పీపాలను ఉంచడం ఉద్దేశపూర్వకమే. పొర పలుచబడిన పీపాలో ఎసిటిక్ బాక్టీరియా చొరబడి సరుకంతా పాడుకావచ్చు కనుక నమూనాలు తీసి ఆవిరయ్యే ఆమ్లాలను క్రమం తప్పక పరీక్షిస్తారు. చెడిన పీపాను పక్కన పెట్టవలసినదే. కోత సంవత్సరం తరువాత ఆరవ ఏడాది డిసెంబరు 15 వరకు దీనిని అమ్మరాదు. అందులో కనీసం 60 నెలలు పొర కిందనే ఉండాలి. చివరకు 62 సెంటిలీటర్ల ప్రత్యేకమైన సీసాలో నింపుతారు. ఒక లీటరు వైన్‌లో ఆవిరి పోగా మిగిలేది అంతేనని చెబుతారు.

ఈ నిల్వలో ఏర్పడే సొటొలాన్ అనే పదార్థం వాన్ జోన్‌కు అక్రోటు, మసాలా సువాసన నిస్తుంది. మన వంటింటి మెంతుల వాసనకు మూలమైన పదార్థం కూడా ఇదే. రసాయనశాస్త్రంలో కొత్తవారికి ఈ వైన్ స్వభావాన్ని వివరించడానికి వేయించిన మెంతి గింజకు మించిన ఉపకరణం లేదు.

వాన్ జోన్‌కు మాత్రమే ప్రత్యేకించిన గ్రామం షాతో షలోన్. కోతకు ముందు ఒక సంఘం తోటలను పరిశీలించి, పండు ప్రమాణానికి రాలేదని భావిస్తే ఆ ఏటికి ఆ పేరును ఉపయోగించరు. 1974, 1980, 1984, 2001 సంవత్సరాలలో అలాగే జరిగింది. ఆరేళ్ళ తరువాత గాని డబ్బు చేతికి రాని పంటలో ఒక ఏడాదిని పూర్తిగా వదులుకోవడం చిన్న విషయం కాదు. భౌగోళిక గుర్తింపును కేవలం ప్రచార ముద్రగా చూసేవారు గమనించవలసిన ఉదాహరణ ఇది.

జూరా పట్టణమైన ఆర్బ్వాలో పెరిగిన లూయీ పాస్టర్, అక్కడి తోట ద్రాక్షపైనే కిణ్వనానికి సంబంధించిన తన ప్రయోగాలలో కొన్నింటిని నిర్వహించినాడు. 1936లో ప్రాంతనామ రక్షణ పొందిన తొలి ప్రాంతాలలో ఆర్బ్వా ఒకటి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సావన్యాన్ మరొక పాఠం కూడా చెబుతుంది. ఆస్ట్రేలియా రైతులు స్పెయిన్‌కు చెందిన అల్బారిన్యో అనుకొని ఏళ్ళ తరబడి నాటిన మొక్కలు, 2009 నాటికి డి.ఎన్.ఏ. పరీక్షలో సావన్యాన్ అని తేలాయి. పొరపాటు అంటుపుల్లల మూలంలోనే జరిగింది. తోటలు కాపుకు వచ్చాయి, సీసాలపై పేర్లు ముద్రింపబడ్డాయి, అమ్మకాలు సాగాయి. నాటే పదార్థపు గుర్తింపును నర్సరీ దశలోనే నిర్ధారించకపోతే నష్టం ఎంత దూరం ప్రయాణిస్తుందో చూపడానికి ఇంతకంటే స్పష్టమైన సందర్భం అరుదు.

ఇక 2021 ఏప్రిల్ మొదటి వారపు గడ్డమంచు. మార్చి చివరి వెచ్చదనానికి తీగలు ముందుగా చిగురించగా, వెనువెంటనే వచ్చిన శీతల గాలులు ఆ చిగుళ్ళను మాడ్చివేశాయి. దేశమంతటా నష్టం జరిగినా, జూరాలో ఆ ఏటి పంటలో అత్యధిక భాగం పోయింది. వేడెక్కుతున్న వాతావరణంలో గడ్డమంచు నష్టం తగ్గుతుందని భావించడం సహజం. వాస్తవంలో మంచు కురిసే తేదీ కంటే చిగురించే తేదీ వేగంగా ముందుకు జరిగినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. షార్డొనే, పుల్సార్ వంటి తొందరపాటు రకాలకు ఇది మరింత ముప్పు.

సవోయ్: తండ్రి తాతల ఆచూకీ

ఆల్ప్స్ పర్వత పాదాలలో చెల్లాచెదరుగా ఉన్న సవోయ్ తోటలు కూడా సుమారు 2,000 హెక్టార్లే. 1248లో గ్రానియే పర్వతపు ఒక పార్శ్వం విరిగిపడి గ్రామాలను కప్పివేసింది. ఆ సున్నపురాతి శిథిలాలపైనే నేడు అప్రెమోన్, అబీమ్ తోటలున్నాయి. అక్కడి ప్రధాన రకం జకేర్. అధిక దిగుబడి, తక్కువ చక్కెర, తేలికైన వైన్ దీని స్వభావం. యాభై ఏళ్ళ క్రితం తక్కువ చక్కెర లోపమే. ద్రాక్షలో చక్కెర ఏటేటా పెరిగి ఆల్కహాల్ శాతం అదుపు తప్పుతున్న నేటి వేసవులలో అదే సుగుణంగా పరిగణింపబడుతున్నది. ఆల్తెస్ అనే తెల్లద్రాక్ష, మోన్‌డూజ్ అనే మిరియపు వాసన గల నల్లద్రాక్ష నాణ్యతలో దీనికంటే మేలైనవి.

తెల్ల మోన్‌డూజ్ కథ వేరు. ఇది కొద్ది హెక్టార్లకు కుదించుకుపోయిన, ఎవరూ పట్టించుకోని రకం. ప్రపంచమంతటా విస్తరించిన సిరా రకానికి జన్మస్థానం పర్షియా అనీ, సిసిలీ అనీ కథలు ప్రచారంలో ఉండేవి. 1990ల చివర కాలిఫోర్నియా, మోంపెలియే శాస్త్రవేత్తలు జరిపిన డి.ఎన్.ఏ. విశ్లేషణలో సిరాకు తల్లి తెల్ల మోన్‌డూజ్ అనీ, తండ్రి ఆర్దేష్ జిల్లాలో దాదాపు అంతరించిన ద్యురేజా అనీ తేలింది. భారతదేశపు వైన్ తోటలలో షిరాజ్ పేరుతో పెరుగుతున్నది ఈ సిరాయే.

నైరుతి ఫ్రాన్స్: తడిని తట్టుకొనే పండు

పిరనీస్ పర్వతాల చెంత, పో నగరానికి సమీపాన గల జురాన్సోన్‌లో అట్లాంటిక్ సముద్రపు తేమ గాలుల వలన ఏటా సుమారు 1,200 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. పండు కుళ్ళడానికి అనువైన ఇటువంటి చోట తీపి వైన్ తయారుచేయాలనుకోవడమే సాహసం. దీనిని సాధ్యం చేసినవి రెండు. మొదటిది శరదృతువులో పర్వతాలను దాటి దిగివచ్చే వెచ్చని పొడి దక్షిణ గాలి. రెండవది పెతి మాన్సెంగ్ రకం. దీని గుత్తి వదులుగా ఉంటుంది, గింజ చిన్నది, తోలు మందమైనది. ఈ కారణాన కుళ్ళు సోకకుండానే నవంబరు, కొన్ని ఏళ్ళలో డిసెంబరు వరకు పండు తీగపైనే ముడతలుపడి ఎండుతుంది. నీరు ఆవిరై చక్కెర గాఢత పెరిగినా ఆమ్లత నిలిచే ఉంటుంది. తీపికి పులుపు తోడుకావడం వలన ఈ వైన్ వెగటు పుట్టించదు. గడ్డమంచు తగలకుండా తీగలను నేలకు ఎత్తుగా పెంచుతారు. తేమ ఎక్కువగా ఉండే అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో నేడు ఈ రకం ఆదరణ పొందుతున్నది. గుత్తి నిర్మాణం కూడా ఒక సస్యరక్షణ చర్యే అనడానికి ఇది నిదర్శనం.

మదిరాన్ ప్రాంతపు తన్నా రకానికి సమస్య పులుపు కాదు, వగరు. తోలులోను, గింజలలోను టానిన్ అధికం. పూర్వం ఏళ్ళ తరబడి నిలువచేస్తే గాని తాగడానికి వీలయ్యేది కాదు. 1990ల ఆరంభంలో పాత్రిక్ డ్యుకూర్నో అనే ఉత్పత్తిదారుడు తొట్టెలోని వైన్‌లోకి అతి సూక్ష్మ పరిమాణంలో ప్రాణవాయువును బుడగలుగా పంపి టానిన్‌లను మెత్తబరచే పద్ధతిని రూపొందించినాడు. నేడు దీనిని అనేక దేశాలు అనుసరిస్తున్నాయి. ఇరుకైన గ్రామీణ సమస్యకు కనుగొన్న పరిష్కారం ప్రపంచ పరిశ్రమకు సాధనమైనది. బాస్క్ వలసదారులు 19వ శతాబ్దంలో తన్నాను ఉరుగ్వేకు తీసుకొనిపోగా అది ఆ దేశపు ప్రధాన నల్లద్రాక్షగా స్థిరపడింది.

మాల్బెక్ చరిత్ర కూడా ఇటువంటిదే. లోట్ నది వంపులలోని కావోర్ దీని స్వస్థలం. 1956 ఫిబ్రవరి చలికి అక్కడి తోటలు దాదాపు నశించాయి. తిరిగి నాటి, 1971లో ప్రాంతనామ హోదా పొందేసరికి, 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణునితో అర్జెంటీనా చేరిన మాల్బెక్ అక్కడి పొడి వాతావరణంలో వేళ్ళూనుకున్నది. ప్రపంచంలో ఈ రకం అత్యధికంగా పండేది నేడు అర్జెంటీనాలోనే.

2009లో మోంపెలియే శాస్త్రవేత్తలు ప్రకటించిన ఫలితాల ప్రకారం మాల్బెక్ తండ్రి గయాక్ ప్రాంతపు ప్రునెలార్. తల్లి మాగ్దెలెన్ నువార్ దె షారాంత్. మెర్లో రకానికి కూడా తల్లి ఇదే. ఫ్రాన్స్‌లో అత్యంత విస్తారంగా సాగయ్యే నల్లద్రాక్షకు తల్లి అయిన ఈ రకం ఏ తోటలోనూ సాగులో లేదు. బ్రిటనీలో పాడుపడిన ఒక వాలుపై ఒక తీగ, షారాంత్ గ్రామాలలో ఇళ్ళ ముందు పందిరికి పాకించిన కొన్ని తీగలు మాత్రమే దొరికాయి. ఇంటి పందిరి తీగను ఎవరైనా నరికివేసి ఉంటే మెర్లో తల్లి ఎవరో తెలిసేది కాదు. గయాక్‌లో రోబేర్ ప్లజోల్ అనే రైతు ప్రునెలార్, ఓన్‌దెంక్ వంటి పాత రకాలను తిరిగి సాగులోకి తెచ్చినాడు.

సమీపాన సెన్ మోన్ ప్రాంతంలోని సర్రగాషీ గ్రామంలో 19వ శతాబ్ది తొలినాటి చిన్న తోట ఒకటి ఉన్నది. ఇసుక నేలలో వేరుపేను వ్యాపించలేదు కనుక ఆ తీగలు అంటు లేకుండా సొంత వేళ్ళపైనే నిలిచాయి. అందులో పేరు తెలియని రకాలు కూడా ఉన్నాయి. 2012లో ఫ్రెంచి ప్రభుత్వం కోటలకు, దేవాలయాలకు ఇచ్చే చారిత్రక కట్టడాల హోదాను ఈ తోటకు ఇచ్చింది.

రూసియోన్: ఎండతో పని చేయించుకొనే తీరం

స్పెయిన్ సరిహద్దున, మధ్యధరా తీరంలోని బాన్యుల్స్ కొండలు పలుచని షిస్టు పలకరాతి నేలలు. యంత్రం ఎక్కలేని నిటారు వాలులు. రాతి గోడలతో కట్టిన మెట్లలో గ్రెనాష్ తీగలను పందిరి లేకుండా పొట్టి పొదలుగా పెంచుతారు; త్రమోంతాన్ అనే బలమైన వాయవ్య గాలికి అదే తగిన ఆకృతి. శరత్కాలపు కుండపోత వానలకు మట్టి కొట్టుకుపోకుండా వాలు వెంబడి రాతి కాలువలు నిర్మించారు. ప్రధాన కాలువకు ఇరువైపుల నుండి వచ్చి కలిసే పిల్ల కాలువల ఆకారాన్ని బట్టి వీటిని స్థానిక కటలాన్ భాషలో కోడికాలు అంటారు. మెట్ట ప్రాంతాలలో నేల, నీటి సంరక్షణను బోధించేవారికి ఈ అమరిక చూడదగినది.

ఇక్కడి ప్రత్యేక శైలి సహజ తీపి వైన్. కిణ్వనం సగంలో ఉండగా గాఢమైన ద్రాక్ష ఆల్కహాల్ కలిపితే ఈస్ట్ పని ఆగిపోయి, మిగిలిన చక్కెర తీపిగా నిలుస్తుంది. 13వ శతాబ్దపు వైద్యుడు ఆర్నో ద విల్‌నవ్ దీనికి ఆద్యుడని ప్రతీతి. కొంత సరుకును గాజు బుడ్లలో నింపి ఆరుబయట ఎండకు వదిలేస్తారు. హెక్టారుకు 30 హెక్టోలీటర్లకు మించరాదన్న పరిమితి ఉన్నది. అయితే తీపి వైన్‌కు గిరాకీ తగ్గడంతో మెట్లు బీడుపడుతున్నాయి. బీడుపడిన మెట్టులో గోడ కూలితే మట్టి నిలువదు; పొదలు పెరిగితే వేసవి మంటలకు అడ్డు ఉండదు. 2022 నుండి వరుసగా వచ్చిన కరవులో పెర్పిన్యాన్ పరిసరాలకు 2023లో సాధారణ వర్షంలో సగం కూడా పడలేదు. ప్రాంతనామ నిబంధనల ప్రకారం మే 1 నుండి కోత వరకు నీరు పెట్టడం, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప, నిషిద్ధం. నాణ్యత కోసం రాసిన నియమం తీగ ప్రాణానికే అడ్డుగా మారిన సందర్భమిది.

నియమం, రకం, నిలువ

1935 చట్టంతో ఏర్పడిన ప్రాంతనామ వ్యవస్థ ఏ నేలలో ఏ రకం వేయాలో నిర్దేశిస్తుంది. మన 1999 భౌగోళిక గుర్తింపు చట్టం కంటే దీని పట్టు చాలా బిగువైనది. సావన్యాన్, పెతి మాన్సెంగ్ వంటి రకాలు కాపాడబడినది ఈ జాబితాలలో చోటు దొరకడం వలననే. జాబితాలోకి రాని రకాలు అదే జాబితా వలన నశించాయి. రెండూ నిజమే.

రకం కనుమరుగు కావడం తెలుగు నేలకు కొత్త కాదు. 19వ శతాబ్ది చివర హైదరాబాదులో ప్రవేశించి, పందిళ్ళపై అధిక దిగుబడికి పేరుపొందిన అనాబ్-ఎ-షాహి, గింజలేని థామ్సన్ రకం రాకతోను, నగర విస్తరణతోను తన తోటలను కోల్పోయింది. ఆ పాత తోటలలోని తీగల మధ్య గల భేదాలు నేడు ఎవరి వద్ద ఎంత మేరకు భద్రపరచి ఉన్నాయన్నది విద్యార్థులు చేపట్టదగిన పరిశోధనాంశం.

ఫ్రాన్స్‌లో ఈ పని 1876లో మోంపెలియే వ్యవసాయ పాఠశాలలో మొదలైనది. ఆ సేకరణను 1949 నుండి మార్సెయాన్ వద్ద సముద్రపు ఒడ్డున ఉన్న వసాల్ క్షేత్రంలో పెంచుతున్నారు. ఇసుక నేల కావడం వలన వేరుపేను, వైరస్‌లను మోసే నులిపురుగులు అక్కడ నిలువవు. 7,000కు పైగా నమూనాలున్న ఆ క్షేత్రానికి ఇప్పుడు సముద్ర మట్టం, ఉప్పునీరు ముప్పుగా మారగా, సేకరణను గ్రుయిసాన్ సమీపంలోని మరో పరిశోధన క్షేత్రానికి తరలించే పని చేపట్టారు. ప్రతి నమూనా నుండి పుల్లలు తీసి, వైరస్ పరీక్ష జరిపి, అంటుకట్టి, నిలదొక్కుకున్న తరువాతనే పాతదానిని వదలాలి. ఇది ఏళ్ళ తరబడి సాగే పని.

2018లో ఫ్రెంచి ప్రాంతనామ సంస్థ నిబంధనలను కొంత సడలించింది. వాతావరణ మార్పును తట్టుకోగలవని భావించిన రకాలను తోట విస్తీర్ణంలో 5 శాతానికి, వైన్ మిశ్రమంలో 10 శాతానికి మించకుండా, పదేళ్ళ ప్రయోగ ఒప్పందంపై నాటుకొనవచ్చును. ఈ వెసులుబాటు కింద 2021లో బోర్డోకు ఆరు రకాలు అనుమతించబడ్డాయి. వాటిలో పోర్చుగల్‌కు చెందిన తురిగా నాసియొనాల్, కొత్తగా రూపొందించిన మార్సెలాన్‌ల సరసన కాస్తె అనే నల్లద్రాక్ష ఒకటి ఉన్నది. అది బోర్డో వారు తమ తోటలలో ఎన్నడో వదిలివేసిన పాత నైరుతి రకం.